పాముకాటు క్లాజు

బాపట్ల జిల్లా అయిన రెండో సంవత్సరమో మూడో సంవత్సరమో, నాట్ల రోజులు. అప్పటికి చాలాకాలంగా నేను ఒక ఆరోగ్య హక్కుల సంఘంలో పనిచేస్తున్నాను. ఆఫీసు తెనాలిలో, ఒక టైలరు కొట్టు మేడ మీద. నా ఉద్యోగం పేరు కాగితం మీద ‘అడ్వొకసీ కోఆర్డినేటర్’. అసెంబ్లీకి ఆరోగ్యానికి సంబంధించిన బిల్లు ఏదైనా వస్తోందని తెలిస్తే, ఆ బిల్లుతో పని పడే మనుషులను వెంటబెట్టుకుని ఎమ్మెల్యేల గుమ్మాల ముందు నిలబడటం నా పని. ఇది మా నాన్నకి ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు. “ఇంతకీ ఏం అమ్ముతావే?” అనేవాడు. ఏమీ అమ్మను నాన్నా అంటే, “మరి వాళ్ళెందుకు కొంటారు?” అనేవాడు.

నాన్నది బజారులో స్టీలు సామాన్ల కొట్టు. నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నదాన్ని. బిందె కావాలని వచ్చినామెకి ముందు గంగాళం చూపించాలి; అప్పుడు బిందె ధర కంటికి ఆనదు. ఆమె లేచేటప్పుడు ఒక గరిటె కొసరు వెయ్యాలి. అప్పుడు తనే గెలిచాననుకుని వెళుతుంది. ఈ రెండు సూత్రాలతో రాష్ట్ర శాసనాలను కూడా మార్చేయవచ్చని నమ్మిన మేధావిని నేను.

ఆ ఏడు ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ చట్టానికి ఒక సవరణ బిల్లు తయారవుతోందని తెలిసింది. సవరణ అంటే పాత చట్టానికి అతుకు. అతుకు వేసేటప్పుడే మనకు కావలసిన ముక్కను కూడా కుట్టించుకోవాలి. ఆ ముక్కను క్లాజు అంటారు. సరిగ్గా అప్పుడే కోటేశ్వరమ్మ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

ఆమె నాట్ల ముఠాకి మేస్త్రి. తెనాలికీ రేపల్లెకీ మధ్య పల్లెల్లో నాట్లకైనా కోతలకైనా తన ఆడవాళ్ళను దింపుతుంది. కొద్దిరోజుల కిందట ఆమె తోటికోడలు సామ్రాజ్యం నారు పీకుతుండగా రక్తపింజర కరిచింది. దగ్గర్లోని నాలుగు రోడ్ల సెంటర్‌లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకువెళితే, తెనాలి పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. దాన్నే మా భాషలో ‘రిఫర్’ చేయడమంటారు. సామ్రాజ్యం దారిలోనే, ఆటోలో, కోటేశ్వరమ్మ ఒళ్ళో పోయింది.

“కేసు వేద్దామా పిన్నీ?” అన్నాను.

“ఏస్తే అది లేచొస్తదా? మళ్ళీ కోతలొస్తన్నయ్. నా ఎనకమాల ఆడోళ్ళు చేలో దిగాలి. ‘నీకేదన్నా అయితే ఆ డాక్టరు ముందు ఇంజక్షనేసి పంపిస్తాడు’ అని నేను వాళ్ళకి చెప్పగలగాల. అంతేనమ్మాయ్ నాక్కావాల్సింది.”

వినతిపత్రం రాశాను. మూడు కోరికలు. ఒకటి, ప్రతి నర్సింగ్ హోమ్‌లో రాత్రింబగళ్ళు డాక్టరుండాలి. అది గంగాళం. రెండు, పడకలున్న ప్రతి ఆసుపత్రీ ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్, దగ్గర ఉంచుకోవాలి; మొదటి మోతాదు ఇచ్చాకే రిఫర్ చేయాలి. అది బిందె. మూడు, ఏయే వైద్యం దొరుకుతుందో గుమ్మం ముందు బోర్డు పెట్టాలి. అది కొసరు.

చదివి వినిపిస్తే కోటేశ్వరమ్మ అడిగింది. “మనక్కావాల్సింది ఒకటేగా. మూడెందుకు రాసినవ్?”

“వాళ్ళు కొట్టేస్తారు పిన్నీ. కొట్టెయ్యడానికి ఏదో ఒకటి ఉండాలిగా.”

“ఏది కొట్టెయ్యాలో వాళ్ళకి తెలుసా?”

నవ్వేశాను. అంత తెలివైన ప్రశ్నకి నవ్వగలగడానికి నాలాంటి అనుభవజ్ఞురాలు కావాలి.

ఎమ్మెల్యేగారిని బాపట్లలో ఒక గెస్ట్ హౌస్‌లో పట్టుకున్నాం. ఏ నియోజకవర్గమో చెప్పను. నన్ను చూడగానే ఆయన నుదురు రుద్దుకున్నాడు.

“మళ్ళీ వచ్చావా తల్లీ? నిన్ను చూస్తేనే నాకు బీపీ.”

“బీపీక్కూడా బిల్లు పెట్టిద్దామనే వచ్చాం సార్.”

ఆయన కాగితం చదివాడు. “రాత్రింబగళ్ళు డాక్టరా? డాక్టర్లకేమన్నా నారు పోస్తున్నామా అమ్మా, పీకి నాటడానికి?”

“సరే సార్, మీ మాట కాదంటామా. అది తీసేద్దాం,” అన్నాను దిగాలుగా. ఆ దిగాలు కొట్లో నేర్చుకున్నదే.

“ఈ ఇంజెక్షన్ సంగతి... నర్సింగ్ హోమ్‌ల వాళ్ళు నిన్న ఇక్కడే కూర్చున్నారు. అది ఒంటికి పడక మనిషి పోతే బంధువులొచ్చి అద్దాలు పగలగొడతారంట. వాళ్ళ బాధ వాళ్ళది.”

ఆ మాటలో అబద్ధం లేదు. నాకంటే ముందు కోటేశ్వరమ్మ అంది. “మేం అద్దాలు పగలగొట్టలేదండి. పొమ్మంటే ఆటో ఎక్కించుకుని ఎళ్ళిపోయామండి.”

ఆయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. “మంత్రిగారితో మాట్లాడతానమ్మా. రాయిస్తాను,” అన్నాడు. ఆ క్షణాన ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను. బయటికొచ్చి కోటేశ్వరమ్మకి జిలేబీ కొనిపెట్టాను. బిందె అమ్ముడుపోయిందనుకున్నాను.

బిల్లు సభకొచ్చే రోజున గ్యాలరీ పాసులు సంపాదించి ఆమెను తీసుకువెళ్ళాను. గేటు దగ్గర ఆమె వక్కాకు సంచి లాగేసుకున్నారు. “నోరు కట్టేసి లోపలికి పంపిస్తన్నారే,” అంది. మంత్రి లేచి బిల్లులోని ముఖ్యాంశాలు చదివాడు. అవునన్నవాళ్ళు అవునన్నారు. దీన్ని మూజువాణి ఓటంటారు. చేతులెత్తే శ్రమ కూడా ఉండదు. మేము కుర్చీల్లో సర్దుకుని కూర్చునేలోపు పూర్తయింది.

“అయిపోయిందా?” అంది కోటేశ్వరమ్మ.

“అయిపోయింది పిన్నీ.”

“మన పాము ఎప్పుడొచ్చింది?”

“రాలేదు.”

బోర్డు ఒక్కటే వచ్చింది. ఎమ్మెల్యేగారు బయటికొచ్చేదాకా ఆగి, కారు దగ్గర అడ్డుపడ్డాను.

“ఇదేంటి సార్?”

“ఇంజెక్షన్‌కి వాళ్ళు ససేమిరా అన్నారు. బోర్డుకి సరేనన్నారు. అడిగినవాటిలో ఒకటి ఇచ్చాంగా.”

“వచ్చింది కొసరు సార్. అసలుది పోయింది.”

“ఏది అసలో, ఏది కొసరో నువ్వు కాగితం మీద రాయలేదు కదమ్మా,” అని కారెక్కాడు.

కారు వెళ్ళాక లెక్క వేసుకున్నాను. నర్సింగ్ హోమ్‌కి బోర్డంటే ఒక డబ్బా రంగు. ఇచ్చేవాడికి ఖర్చు లేని సరుకును వాడి కళ్ళముందు పెట్టి, ఇదొక్కటే ఇచ్చి సరిపెట్టు నాయనా అని నేనే చెప్పినట్టయింది.

కొన్నాళ్ళకి బోర్డులు లేచాయి. సామ్రాజ్యాన్ని పొమ్మన్న నర్సింగ్ హోమ్‌కి కూడా చక్కటి బోర్డు పెట్టారు. కాన్పులు, షుగరు, కీళ్ళనొప్పులు. అట్టడుగున ఎర్రక్షరాలు: ‘పాముకాటు, పురుగుమందు కేసులు ఇక్కడ చూడబడవు.’ ఇదివరకు పొమ్మనాలంటే ఎవరో ఒకరు బయటికొచ్చి, మన ముఖం చూసి, నోటితో అనాల్సి వచ్చేది. ఆ ఇబ్బంది కూడా మా చట్టం తీర్చేసింది. లోపలికి వెళ్ళి అడిగాను. కౌంటర్లో ఆయన మర్యాదస్తుడు. “రూలు ప్రకారమే పెట్టామండి. బోర్డు కావాలని మీ సంఘమే అడిగిందట కదండి,” అన్నాడు.

కోటేశ్వరమ్మ ఆ ఎర్రక్షరాలు నా చేత రెండుసార్లు చదివించుకుంది.

“పోనీలే అమ్మాయ్. ఆరోజు దాన్ని లోపల బెంచీ మీద పడుకోబెట్టి, ఎవరొచ్చి ఏం చెబుతారా అని కూసున్నాం. ఇప్పుడు ఇక్కడ ఆటో ఆపే పనే లేదు, తిన్నగా తెనాలే.”

ఎత్తిపొడుపు అయినా బాగుండేది. ఆమె నిజంగానే లెక్కేసుకుంటోంది.

కోతల్లో జరిగింది నాకు ఒక ఆటో డ్రైవరు చెబితే తెలిసింది. వాయుగుండమని రేడియోలో చెప్పిన రోజున ముఠా మొత్తాన్ని గట్టు మీద కూర్చోబెట్టి, చేలో దిగేది లేదందట కోటేశ్వరమ్మ. కోత అయ్యేదాకా రోజూ ఒక ఆటో గట్టు పక్కనే ఉండాలి. ఎవరికేమైనా తిన్నగా తెనాలి తీసుకుపోవాలి. “ఆటో ఎందుకమ్మా, నా బైకుంది కదా,” అన్నాడట రైతు. “నీ బండి మీద మూర్ఛపోయిన మనిషి ఎట్టా కూసుంటదయ్యా?” అందట. ఆయన కోప్పడ్డాడు, వేరే ముఠా కోసం ఫోన్లు చేశాడు, ఆకాశంకేసి చూశాడు. మధ్యాహ్నానికి ఆటో వచ్చింది. ఆ తరవాత చుట్టుపక్కల రైతులు అడక్కుండానే పెట్టారట.

ఆ బేరానికి ఆమె నన్ను పిలవలేదు. పిలిస్తే, ఆటోతోపాటు గొడుగులూ మజ్జిగా కూడా అడుగుదాం పిన్నీ అనేదాన్ని. చివరికి మజ్జిగ వచ్చేది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి ఈ కేసు చెబుతాను. కాగితం మీద ఒకటే రాయండి, దానికోసమే నిలబడండి అంటాను. అది సగం పాఠమే. కోటేశ్వరమ్మ గట్టు మీద కూర్చుంటే రైతు పంట పోతుంది. నేను గ్యాలరీలోంచి లేచిపోతే ఎవరికీ ఏమీ పోదు. ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. రైతు ఆటో పెట్టగలిగాడు. ఇంజెక్షన్‌ను తెనాలి నుంచి ఆ సెంటర్‌కి తేవడం రైతు చేతిలో లేదు. తేగలిగినవాళ్ళ చేలకి మేం ఎక్కి కూర్చోగల గట్టు ఎక్కడుందో నాకింకా కనబడలేదు.