ఎండిన చెరువులో తొలి చేప

ఆ కాలంలో సర్కారు కొలువులో మనిషికి ఏం వచ్చో ఎవరూ అడిగేవారు కాదు, ఏ ఊరివాడో అడిగి పని అప్పగించేసేవారు. నాది బందరు దగ్గర పల్లె. "సముద్రం పక్కన పుట్టినవాడివి, చేపల సంగతి నీకు చెప్పాలా!" అంటూ మా పెద్దాఫీసరు నన్ను అనంతపురం జిల్లాలో జాలరి సంఘాలు పెట్టించే పనిలో వేశాడు. మా ఇంట్లో ఉల్లిపాయకే ప్రవేశం లేదు. చేపల గంప వీధిలోంచి వెళ్తే మా బామ్మ ఇంట్లో ఉండి కూడా తలస్నానం చేసేది. ఆ మాట ఆయనతో చెప్పే ధైర్యం చాలక (కొత్త ఉద్యోగం, కొత్త చెప్పులు, రెండూ కరుస్తున్నాయి) నోరు మూసుకుని రైలెక్కాను.

గార్లదిన్నె దగ్గర ఒక పల్లెలో చెరువుంది. అందులో చేపలు పట్టే హక్కు ఏటా వేలంలో ఒకే గుత్తేదారుకు పోయేది. బెస్త కుటుంబాలవాళ్లు ఆయన కింద కూలికి వల వేసి, పట్టింది ఆయన గంపలో పోసి, తడి వల భుజాన వేసుకుని ఇంటికి పోయేవారు. సంఘం పెట్టుకుంటే వేలం లేకుండా హక్కు వాళ్లకే ఇస్తామని సర్కారు చెప్పింది. నేను ఊరంతా తిరిగి సంఘం పెట్టించాను. గుత్తేదారు నన్ను తలదన్నినవాడు, తన సేద్యగాళ్లను పోగేసి తనూ ఒక జాలరి సంఘం పెట్టేశాడు. అసలు జాలరులెవరో తేల్చడానికి పెద్దాఫీసరే వస్తానన్నాడు. ఈసారీ చెరువు దక్కకపోతే గుంతకల్లు పోయి రైలు కట్ట మీద రాళ్లు మొయ్యడమేనని బెస్త ఇళ్లలో అప్పటికే మూటలు కట్టుకున్నారు.

చిక్కేమిటంటే ఆ యేడు వానల్లేవు. పెద్దాఫీసరు జీపు నేరుగా చెరువు నడిమధ్యకు వచ్చి ఆగింది. వల వేసి చూపించమన్నాడాయన. "యాడ ఎయ్యల్ల సామీ, నీళ్లు యాడుండాయి?" అన్నాడు గుత్తేదారు. మా సంఘానికి పెద్ద, అందరూ వలతాత అనే ముసలాయన, మాత్రం తొణకలేదు. "నీళ్లెందుకప్పా? కదిలేది ఏదన్నా ఒకటి ఉంటే సాలు" అంటూ చుట్టూ చూశాడు. ఆ చూపు వచ్చి ఇస్త్రీ ప్యాంటులో ఉన్న నా మీద ఆగింది.

"సారూ, నువ్వు ఉరుకు."

"నేనా?"

"సముద్రం పక్కన పుట్టినోడివంట గదా! చేప ఎట్ల ఉరుకుతాదో నీకు తెలీదా?"

పెద్దాఫీసరు నవ్వాపుకుంటూ కానిమ్మన్నట్టు తల ఊపాడు. చెప్పులు విప్పి, బెరడులా పగిలిన ఆ మట్టి మీద పరుగందుకున్నాను. ముందు గుత్తేదారు మనుషులు విసిరారు. ఒకడి వల వాడి కాళ్ల దగ్గరే ముద్దగా పడింది. ఇంకొకడు వలతోపాటు తనూ పడ్డాడు. మూడోవాడిది జీపును పట్టింది. నాకు గర్వం తలకెక్కింది. వెనక్కి తిరిగి నవ్వుతూ వంకరటింకరగా ఉరుకుతుంటే వలతాత నడుము ఒక్కసారి తిప్పాడు. వల జొన్నరొట్టెలా గుండ్రంగా విచ్చుకుని, అంచు గుండ్లన్నీ ఒక్కసారే నా చుట్టూ దిగాయి. బోర్లా పడ్డాను. "కొట్టుకోవాకు సారూ, ఇంకా బిగుసుకుంటాది!" అని తాత అరుస్తుంటే కట్ట మీది ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ వల వాసనకు బామ్మ గుర్తొచ్చింది గానీ, "హక్కు వీళ్లదే" అన్న పెద్దాఫీసరు మాట వినబడగానే అన్నీ మరిచిపోయాను. చప్పట్లు కొడదామంటే చేతులు రాలేదు. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు.

సాయంత్రం తాతను అడిగాను, నీళ్లు లేని చెరువు మీద హక్కు వచ్చి ఏం లాభమని. "నీళ్లు దేవుడు ఇయ్యల్ల సారూ, ఆయన ఎప్పుడన్నా ఇస్తాడు. హక్కు మనుషులు ఇయ్యల్ల. వాళ్లు ఇచ్చినప్పుడే పట్టుకోవల్ల" అన్నాడు. ఆ రోజే మూటలు విప్పేశారు.

వాన పడకముందే నాకు బదిలీ అయింది. కొన్నేళ్లకు గుంతకల్లు స్టేషన్లో ఒకాయన పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకున్నాడు, వలతాత కొడుకు. "మన చెరువు నిండి మరవ పారింది సారూ! ఇప్పుడు వలా మాదే, గంపా మాదే" అన్నాడు. పక్కనున్న కొత్త పెళ్లాంతో, "మా సంఘం పట్టిన మొదటి చేప ఈ సారే" అని చెప్పాడు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మరి వదిలేసినారేమి?" అంది.

"అప్పుడు చిన్నది గదా! పెరుగుతాదిలే అని నాయనే వదలమన్నాడు."

ఇప్పుడు నాకు బొజ్జ వచ్చింది, మోకాళ్లు వంగవు, నాలుగడుగులకే ఆయాసం. పెరిగినమాట నిజమే, పట్టడమూ సులువే. ఆ తాతే లేడు.