మిక్సీ కాగితంలో ఎనిమిదో జాగ్రత్త

మిక్సీ డబ్బాలో ఒక కాగితం ఉంటుంది. ఎలా వాడాలి, ఎలా వాడకూడదు అని రాసి ఉంటుంది. దాన్ని మీరు చదివి ఉండరు. నేను రాస్తాను కాబట్టి నాకు తెలుసు. కొన్నవాళ్లు ముందు ఆ కాగితం తీసి అల్మారాలో గిన్నెల కింద పరుస్తారు, తర్వాత మిక్సీ బయటికి తీస్తారు. నా ఉద్యోగం ఇన్నేళ్లు నిలబడిందంటే ఆ అలవాటు వల్లే.

నాలుగేళ్ల కిందట అలాంటి కాగితం ఒకటి నేను ఎంత ఘోరంగా రాశానంటే, ముగ్గురు మనుషులు దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. ఒకరైతే రెండుసార్లు చదివారు. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో దాచకుండా చెప్తాను. తప్పు చాలావరకు నాదే. కొంత మా నాయినది.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఇల్లు దేవరయాంజాల్‌లో. కీళ్లవాతం వచ్చి ఏడాదిన్నర అయింది. ఇది ముసలితనంలో వచ్చే మోకాళ్ల నొప్పి కాదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి కీళ్ల మీద పడుతుంది. పొద్దున లేచేసరికి నా వేళ్లు వానలో తడిసి ఎండిన చెప్పుల్లా బిగుసుకుని ఉండేవి. పదిన్నర, పదకొండుకు మెల్లగా వదులయ్యేవి. మధ్యాహ్నం నుంచి నేను మామూలు మనిషిని. మధ్యాహ్నం నన్ను చూసినవాళ్లకు పొద్దుటి సంగతి చెప్తే నమ్మరు. పొద్దున చూసిన బయటివాళ్లు ఎవరూ లేరు, ఎందుకంటే పొద్దున నేను ఎవరికీ కనబడను.

పుణెలో ఒక వంటింటి సామాన్ల కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేదాన్ని. వాళ్ల కుక్కర్లకు, మిక్సీలకు, ఇస్త్రీ పెట్టెలకు తెలుగు కాగితాలు రాయడం నా పని. ఇంటర్వ్యూ మధ్యాహ్నం మూడింటికి జరిగింది. కాబట్టి వాళ్లు తీసుకున్నది మూడింటి మనిషిని. తొమ్మిదింటికి కంప్యూటర్ ముందు కూర్చునేది వేరే మనిషని వాళ్లకు చెప్పలేదు. చెప్తే తీసేస్తారని నా భయం. అందుకని పొద్దుటి మీటింగుల్లో నా కెమెరా పాడయ్యేది. కెమెరా బాగున్న రోజు కరెంటు పోయేది. రెండూ ఉన్న రోజు ఇంటికి చుట్టాలు వచ్చేవాళ్లు.

పని వెనకబడకుండా ఉండటానికి ఇంటర్నెట్‌లో పెద్దమనుషుల సలహాలు చాలా విన్నాను. పొద్దున ఐదింటికి లేచి, కష్టమైన పని ముందు ముగించాలని ఒకాయన చెప్పాడు. ఐదింటికి లేచాను. ఆ పూట అన్నిటికంటే కష్టమైన పని టూత్‌పేస్టు మూత తీయడం. అది ముగిసేసరికి ఏడయింది. ఆయన సలహా ప్రకారం ఆ రోజు నేను విజయం సాధించినట్టే లెక్క.

చివరికి దొరికిన ఉపాయం, మాట చెప్తే కంప్యూటరే రాసుకోవడం. మొదట్లో దానికి మా యాస తెలిసేది కాదు. ‘మూత గట్టిగ వెట్టుండ్రి’ అంటే ‘మాట గట్టి పెట్టుబడి’ అని రాసేది. అందుకని వార్తలు చదివేవాళ్లలా, ‘వినియోగదారులు దయచేసి మూతను బిగించవలెను’ అని గొంతు సవరించుకుని చెప్పేదాన్ని. నాయిన రెండు రోజులు విని, రేడియో ఎప్పుడు కొన్నావని అడిగాడు. తర్వాత నాకు పట్టుదల వచ్చింది. అది తప్పు రాసిన ప్రతి మాటా దిద్ది నాలుగు నెలల్లో దానికి మా ఇంటి మాట నేర్పాను. చేజేతులా అనే మాటకు అర్థం అప్పుడు నాకు తెలియదు, పైగా ఆ చేతులు కూడా పనిచేసే స్థితిలో లేవు.

నాయిన గురించి చెప్పాలి. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక నాయిన నాగలి వదిలి ఫోను పట్టుకున్నాడు. ప్లాట్లు చూపిస్తాడు. ఎక్కడో దూరాన గండిమైసమ్మలో ఉన్న మనిషితో మాట్లాడితే, ఫోను లేకపోయినా అవతలికి వినిపించేంత గొంతు. అమ్మ అంగన్‌వాడీ టీచరు, పొద్దున్నే షామీర్‌పేట వెళ్లిపోయేది. ఇంట్లో మిగిలేది మేమిద్దరం. హాల్లో దివాను మీద నేను, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నాయిన, మధ్యలో టేబుల్ మీద నా కంప్యూటర్. ఆ మాటలేవో బయట అరుగు మీద మాట్లాడుకోమని ఎన్నోసార్లు బతిమాలాను. బయట సిగ్నల్ రాదనేవాడు. సెల్ టవర్ మా ప్రహరీ వెనకే ఉంది. పదింటిదాకా అలా చెవిలో మోగి, పది దాటాక స్కూటర్ తీసుకుని వెళ్లేవాడు. నన్ను సతాయించడానికే కూర్చుంటున్నాడని అమ్మకు ఫిర్యాదు కూడా చేశాను.

అంతలో నా ఆరోగ్యం బాగుపడింది. అలా అని నాకనిపించింది. మందుల డబ్బా మూత, నీళ్ల సీసా మూత, కొబ్బరినూనె సీసా మూత, ఇలా పట్టుకుంటే అలా వచ్చేస్తున్నాయి. మేడ్చల్‌లో నన్ను చూసే డాక్టరుకు ఈ శుభవార్త చెప్పాను. “మూతలన్నీ పొద్దున్నే తీసేస్తున్నాను సార్,” అన్నాను. ఆయన సంతోషించి మందు మోతాదు తగ్గించాడు. నేను ఇంకా సంతోషించి ఆఫీసులో మా పైఅధికారి మేఘన గారికి, ఇకనుంచి రెట్టింపు పని ఇచ్చినా చేస్తానని కబురు పెట్టాను. ఆమె ఇచ్చారు.

మూడు వారాలు తిరిగేసరికి ఒంట్లో ఉన్న కీళ్లన్నీ కూడబలుక్కుని తిరగబడ్డాయి. సరిగ్గా ఆ పొద్దునే మిక్సీ కాగితం పంపాలి. పన్నెండింటికి గడువు, తర్వాత తెలుగు దిద్దేవాళ్ల చేతుల మీదుగా ప్రెస్సుకు పోతుంది. తొమ్మిదింటికి మోచేత్తో మైకు బటన్ నొక్కి, రెండు చేతుల మధ్య వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని దివాను మీద వాలి, కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాను. ఒక వాక్యం చెప్పడం, నొప్పి తగ్గేదాకా ఆగడం, మళ్లీ ఒక వాక్యం. మధ్యలో నొప్పి మాత్ర వేసుకున్నాను. అది నొప్పికి మంచిది, నిద్రకు ఇంకా మంచిది. ఏడో జాగ్రత్త చెప్పినట్టు గుర్తుంది. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు.

లేచేసరికి పదకొండూ నలభై. నాయిన వెళ్లిపోయాడు. కంప్యూటర్‌లో చూస్తే రెండు పేజీలు నిండి ఉన్నాయి. నిద్రమత్తులో కూడా ఇంత పని చేశానా అని నా మీద నాకే గౌరవం కలిగింది. అక్షర దోషాలు చూపించే ఎర్రగీత ఒక్కటీ లేదు. నేర్పిన విద్య ఊరికే పోలేదనుకున్నాను. చదవడానికి టైం లేదు. రెండుసార్లు సరిచూశానని ఒక వాక్యం జోడించి, పన్నెండింటికి రెండు నిమిషాల ముందు పంపించాను.

మర్నాడు పదకొండింటికి ఫోను వచ్చింది. మా కాగితాల్లో తెలుగు దిద్దే సారు. హనుమకొండలో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఏ తప్పున్నా దిద్ది పంపేయడమే తప్ప, అంతకు ముందు ఎన్నడూ ఫోను చేయలేదు.

“భాష మంచిగుందమ్మా,” అన్నారు. “రెండు మూడు అనుమానాలున్నయి. మూడోది చదువుతున్న, విను. ‘జారును మోటారు మీద పెట్టి కుడివైపు తిప్పండి. కుడివైపు నాలా ఉన్న సంగతి ముందే చెప్పకండి, ప్లాటు చూసినంక చెప్పవచ్చు.’ నాలా అంటే మిక్సీల ఏ భాగం?”

నాలా అంటే మురికికాలువ, నాయిన అమ్మాలని చూస్తున్న ప్లాటు పక్కన పారేది.

“ఐదోది. ‘మోటారును నీళ్లలో ముంచకండి. షామీర్‌పేట చెరువు అలుగు పారినా ఇక్కడికి చుక్క నీరు రాదు, గ్యారంటీ నాది.’ ఇది కంపెనీ గ్యారంటీల కలుస్తదా, వేరేనా?”

“వేరే సార్,” అన్నాను.

“ఆరోది. ‘పని అయినాక బ్లేడును బ్రష్‌తో కడగండి. కౌన్సిలర్‌తో నేను మాట్లాడతాను, మీరు నోరు తెరవకండి.’ నువ్వు ‘నోరు తెరువకు’ అని రాసినవ్. కొన్నోళ్లను ఏకవచనంల పిలుసుడు మర్యాద గాదని ‘తెరవకండి’ అని మార్చిన.”

ఇవన్నీ దిద్దేటప్పుడు అనుమానం రాలేదా సార్ అని నీరసంగా అడిగాను. ఈ నడుమ కంపెనీలన్నీ జనం భాషలో రాయమంటున్నాయి కదా, ఇది ఆ పద్ధతేమో అనుకున్నానని చెప్పారు. దిద్దిన కాగితం నిన్న సాయంత్రమే పుణెకు పంపించేశారట. తర్వాత గొంతు తగ్గించారు.

“ఎనిమిదోది నేను చదువను. అది నువ్వే చదువుకో. అండ్ల ఒక్క అక్షరం గూడ నేను ముట్టలేదు.”

ఆయన ఫోను పెట్టేశాక కాగితం తెరిచాను. ఎనిమిదో జాగ్రత్త ఇలా ఉంది:

“పదింటి దాంక నేను యాడికీ రాను అన్నా. పార్టీని పదకొండుకు రమ్మను. పొద్దుగాల బిడ్డకు చేతులు పనిజెయ్యవు. గిలాస గూడ పట్టరాదు. నొప్పి అని ఒక్కనాడు అనది. నేను ఫోన్లు మాట్లాడనీకె కూసున్న అనుకుంటది, అనుకోనీ. మందుల డబ్బ, నీళ్ల సీస, నూనె సీస, అన్ని మూతలు అది లేవకముందే వదులు జేసి వెడ్తున్న. ముట్టంగనే వస్తే దాని మొఖం మంచిగయితది. ఎవ్వలకు జెప్పకు, సిగ్గువడ్తది.”

మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు కళ్లు మసకబారాయి. రెండోసారి, సిగ్నల్ రాని అరుగు సంగతి అర్థమైంది. మూడోసారి మాత్రం లేచి నిలబడ్డాను. ఆ రోజు నేను డాక్టరుకు చెప్పింది నా చేతుల సంగతి కాదు, నాయిన చేతుల సంగతి. నాయిన చేతులు బాగున్నాయని ఆయన నా మందు తగ్గించాడు.

పావుగంటలో మేఘన గారి ఫోను వచ్చింది. సారు ఎంత పద్ధతైన మనిషంటే, ‘ఎనిమిదో అంశం యంత్రానికి కాక రచయిత్రికి సంబంధించినట్టుగా ఉన్నది, తగు నిర్ణయం తీసుకోగలరు’ అని ఇంగ్లీషులో రాసి, దాని అనువాదం కూడా జతచేసి పంపారు. ఆమె అనువాదం చదివి, మిగతా కాగితం కూడా మొత్తం అనువాదం చేయించుకుని చదివారట. కెమెరాల గురించి, కరెంటు గురించి ఆమె అప్పుడే మొదటిసారి ప్రస్తావించారు. మీ ఊళ్లో పొద్దుటి పూట అసలు కరెంటే ఇవ్వరేమో అని ఆఫీసులో అందరూ జాలిపడేవాళ్లట.

“ఎనిమిదో జాగ్రత్త మొదటి రోజే నాకు పంపించి ఉండాల్సింది,” అన్నారు ఆమె హిందీలో.

ఉద్యోగం పోయిందని మనసులోనే సామాను సర్దుకుంటున్నాను. ఆమె మాత్రం ఇకనుంచి పదకొండింటికి పని మొదలుపెట్టమన్నారు. పన్నెండింటి గడువులు నాకు పెట్టనన్నారు. బాగాలేని రోజున బాగాలేదని ఒక్క ముక్క రాస్తే చాలన్నారు. ఆ తర్వాత గొంతు ఏమాత్రం మార్చకుండా, మిక్సీ కాగితం కొత్తగా రాసి సాయంత్రం ఆరింటికల్లా పంపమన్నారు. పంపాను. ఒక్కో వాక్యం పైకి చదువుకుని మరీ పంపాను.

ఆ శనివారం డాక్టరు దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. ఆయన టేబుల్ మీదున్న నీళ్ల సీసా నా ముందు పెట్టి మూత తీయమన్నాడు. నేనూ ఆ మూతా చాలాసేపు ఒకరినొకరం చూసుకున్నాం. ఆయన సీసా వెనక్కి తీసుకుని పాత మోతాదు రాసిచ్చాడు. ఈసారి మీ నాయినను కూడా తీసుకురా, నాకు సరైన సమాచారం కావాలి అన్నాడు.

నాయినకు చెప్పడమే మిగిలింది. సాయంత్రం ఆయన స్కూటర్ ఆపి లోపలికి రాగానే కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆయన మాటలు కంప్యూటర్ రాసుకోవడం, సారు దిద్దడం, పుణె దాకా పోవడం, అన్నీ చెప్పి ఎనిమిదోది చదివి వినిపించాను. నాయిన తల దించుకుని అరచేతులు చూసుకుంటూ విన్నాడు. కోపం వచ్చిందో, సిగ్గేసిందో నాకు తెలియలేదు. ఆ కాగితం ఎన్ని మిక్సీల్లో పెట్టేవాళ్లని మెల్లగా అడిగాడు. రెండు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి మిక్సీలో అని చెప్పాను.

“మరి నాలా ముచ్చట, చెర్వు ముచ్చట తీసేసిన్రా?”

“మొత్తం తీసేసిన నాయినా.”

ఆయన స్కూటర్ తాళంచెవి టేబుల్ మీద పెట్టాడు.

“తీసేస్తే తీసేసినవ్ గని బిడ్డా, కింద నా ఫోన్ నంబరన్న ఉంచకపోతివి.”

ఆ మర్నాడే స్నానం చేసి, తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేశాను. మైకు ఆపకుండా కన్ను మూయను. చదవని కాగితం మీద రెండుసార్లు సరిచూశానని రాయను. నొప్పి ఉన్న రోజు నొప్పి ఉందని డాక్టరుకు, ఆఫీసుకు, నాయినకు, అడిగిన ప్రతివాళ్లకూ నోరు తెరిచి చెప్తాను. మిక్సీ కొన్నవాళ్లకు మాత్రం ఈ జన్మలో చెప్పను.