రబ్బరు చేపతో నాన్న గెలిచిన రోజు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే అమ్మ చింతపండు నానబెట్టేది, చేపల పులుసుకి. చేప మాత్రం ఇంకా సముద్రంలోనే ఉండేది. సాయంత్రానికి నాన్నా మేమూ ఖాళీ బకెట్‌తో తిరిగొచ్చేవాళ్ళం. అమ్మ ఆ చింతపండుతోనే చారు పెట్టేసేది.

అలా వరసగా ఐదు ఆదివారాలు చారే తిన్నాం...

మాది మెల్‌బోర్న్ దగ్గర క్రాన్‌బర్న్. నాన్న వైటూకే పని మీద వచ్చారు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ భయపడిన రోజులవి. తీరా చూస్తే ఏదీ ఆగలేదు... నాన్న ఉద్యోగం తప్ప. జనవరిలోనే కాంట్రాక్టు అయిపోయింది. వీడ్కోలు రోజున ఆఫీసు వాళ్ళు ఒక ఫిషింగ్ రాడ్డు, ఒక డబ్బా నిండా గాలానికి ఎరగా గుచ్చే రబ్బరు చేపలు చేతిలో పెట్టి పంపారు.

నాకప్పుడు పదేళ్ళు. స్కూలు నుంచి వచ్చేసరికి నాన్న పొద్దున కూర్చున్న కుర్చీలోనే ఉండేవారు, గడ్డం గీసుకోకుండా. ఉద్యోగాలిప్పించే ఏజెన్సీలకి ఫోన్లు చెయ్యడం కూడా మానేశారు. ఉద్యోగాల సంగతి నాకేం తెలుసు? నాన్న ఏదో ఒకదాంట్లో గెలవాలి, అంతే. అది చేపైనా సరే.

పైగా వీధి చివర రాఘవ అంకుల్ ఒకరు. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసేవారు. "ఏం గురూ, చేపలక్కూడా వైటూకే వచ్చిందా?" అని. నాన్న నవ్వేసేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ఆరో ఆదివారం కూడా టూరడిన్ సముద్రతీరానికే వెళ్ళాం. మా ఇంటికి కారులో కాస్త దూరం. మడ చెట్లు, వాటి మధ్య ఉప్పు బురద, దాని పక్కనే మోకాలి లోతు నీళ్ళు... గాలి లేని రోజున ఎంత తేటగా ఉండేవంటే, అడుగున పీత నడుస్తుంటే దాని కాళ్ళు కనిపించేవి. అమ్మ గట్టు మీద దుప్పటి పరుచుకుని పులిహోర డబ్బా తీసింది.

నాన్నది నరసాపురం వైపు. కాలవ గట్టున వానపామును ఎరగా గుచ్చి చేపలు పట్టినవారు. ఆయనకి తెలిసిన సూత్రం ఒకటే... గాలం వేశాక కదలకూడదు, మెదలకూడదు. రబ్బరు చేపనీ అలాగే నీళ్ళలోకి విసిరి, రాడ్డు పట్టుకుని బొమ్మలా నిలబడేవారు. వాసన ఉండాలని దానికి ఎండురొయ్యల పొడి కూడా రాసేవారు! "చాల్లెండి మీ కొంగ జపం," అనేది అమ్మ.

ఆ రోజు నాకు విసుగొచ్చింది. డబ్బాలోంచి ఒక రబ్బరు చేప తీసి, దారం కట్టి, నీళ్ళలో ఈడ్చుకుంటూ ఆడుకుంటున్నాను. కాస్త లాగడం, ఆగడం... మళ్ళీ లాగడం. ఉన్నట్టుండి అడుగున ఇసుక కదిలింది. ఇసుక కాదు, చేప! బల్లపరుపు తల, ఒంటి నిండా ఇసుక రంగు. అక్కడే పడుకుని ఉందని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. నా రబ్బరు చేప వెనకాలే నా కాళ్ళ దాకా వచ్చి, నన్ను చూసి తుర్రుమంది.

నేను నాన్న దగ్గరికి పరుగెత్తాను.

"నాన్నా, కదపాలి! కదిపితే వస్తంది!"

"ఊరుకోవే. కదిపితే ఉన్నది కూడా పారిపోద్ది. కాలవ గట్టున పుట్టినోడికి నువ్వు చెప్తావా?"

నాకు ఏడుపొచ్చేసింది. "వానపాముకైతే వాసనుంటది నాన్నా. ఇది ఊరికే పడుంటే చచ్చిన చేపే కదా. పారిపోతా ఉంటేనే కదా ఎవరైనా తరిమేది!"

నాన్న నా వైపు చూశారు. రీలు తిప్పి, గాలం పైకి తీసి, నేను చూపించిన వైపు విసిరారు. కాస్త లాగారు. ఆపారు. మళ్ళీ లాగారు...

రాడ్డు విల్లులా వంగిపోయింది!

"పడిందే! పడిందే అమ్మడూ!"

చేప మడ వేళ్ళ వైపు లాక్కుపోతోంది. అక్కడ చిక్కుకుంటే దారం తెగిపోతుంది. నాన్న ఆఫీసు ప్యాంటుతోనే నీళ్ళలోకి దిగిపోయారు. ఒక చెప్పు బురదలో ఉండిపోయినా వెనక్కి చూడలేదు. దారం వదులుతూ, చుడుతూ, వెనక్కి నడుస్తూ చివరికి దాన్ని ఇసుక మీదకి ఈడ్చారు. పట్టుకోబోతే చెంపల దగ్గరి ముల్లు బొటనవేలికి గుచ్చుకుంది. రక్తం కారుతుంటే నాన్న నవ్వుతున్నారు... పెద్దగా, నోరారా!

చిన్న చేపలైతే నీళ్ళలో వదిలెయ్యాలని అక్కడి రూలు. నా స్కూలు స్కేలు పెట్టి కొలిచాం. స్కేలు అయిపోయాక కూడా చేప ఇంకా ఉంది! అటుపక్క చేపలు పడుతున్న ముసలాయన ఒకాయన చప్పట్లు కొట్టి, "ఫ్లాట్‌హెడ్! గుడ్ ఆన్ యా, మేట్!" అని మెచ్చుకుంటూ అరిచాడు. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగున వచ్చింది. "అమ్మో, ఫ్లాట్‌హెడ్డే!" అంది, పేరు తనకి ముందే తెలిసినట్టు.

ఆ సాయంత్రం రాఘవ అంకుల్‌కి నాన్నే ఫోన్ చేశారు. "భోజనానికి వచ్చెయ్ గురూ. కంచం పెద్దది తెచ్చుకో." ఆయన మూడుసార్లు పులుసు వేయించుకున్నారు. ఒక్క జోకూ వెయ్యలేదు. నాన్న మాత్రం "కదపమని చెప్పింది మా అమ్మాయే" అని ముప్పైసార్లు చెప్పారు.

సోమవారం నేను స్కూలుకి బయల్దేరేసరికి నాన్న గడ్డం గీసుకుని ఏజెన్సీ వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతున్నారు. ఉద్యోగం రావడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. కానీ ఆ కుర్చీలో అలా కూర్చోవడం నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు క్రాన్‌బర్న్‌లో వీధికో తెలుగు ఇల్లుంది. ఏ చేప అడిగినా కొట్లో ముక్కలు కొట్టి ఇస్తారు. మాకు కష్టం వస్తే నేనూ మా ఆయనా తలుపేసుకుని, పిల్లలకి వినపడకుండా మాట్లాడుకుంటాం. మేం ఓడిపోవడం వాళ్ళు ఎప్పుడూ చూడలేదు... అందుకే కాబోలు, మేం గెలిచిన రోజు కూడా వాళ్ళకి మామూలు రోజే.

మీ నాన్న గెలవడం మీరు కళ్ళారా చూసిన రోజు ఏది? నాకు చెప్పండి... అంతకన్నా ముందు, ఆయనకి ఒకసారి చెప్పండి.