ఆ లాటు మీద నేను రాసిన నోటు

నరసరావుపేటలో ఒక విత్తనాల కంపెనీకి నేను లాయర్ని. కోర్టులో పదేళ్లు వాయిదాల వెంట తిరిగి, విసిగిపోయి ఈ ఉద్యోగంలో చేరాను. చేరినరోజు మా యజమాని అన్నాడు: "గొడవ ముదిరాక పరిగెత్తుకొచ్చే వకీళ్లు చానామంది దొరుకుతారమ్మా. రాకముందే పసిగట్టి చెప్పే మనిషి కావాలి నాకు."

ఆ మాట నాకెంతో నచ్చింది. కోర్టులో అంతా అయిపోయాకే మనుషులు నా దగ్గరికొచ్చేవాళ్లు. ఇక్కడైతే జరగకముందే ఆపొచ్చు అనుకున్నాను.

మూడేళ్లు లైసెన్సు గడువులు, డీలర్ల అగ్రిమెంట్లు చూసుకుంటూ గడిచిపోయాయి. ఆ తర్వాతి వేసవిలో, మిరప విత్తనాలు మార్కెట్‌కి పోబోతుండగా, మా ప్లాంటు మేనేజరు భోజనాల దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు.

"ఒక లాటు విత్తనాల మీద నాకు అనుమానంగా ఉంది మేడమ్. వేరే రకం కలిసినట్టుంది. పొలంలో వేసి చూసే పరీక్ష ఇంకా నడుస్తానే ఉంది. రిపోర్టు వచ్చేసరికి సీజను అయిపోద్ది."

ఆ సాయంత్రమే కూర్చుని రెండు పేజీల నోటు రాశాను. రిపోర్టు రాకుండా ఆ లాటు అమ్మొద్దు. అమ్మితే, చేలో మొక్కలు రకరకాలుగా వస్తే, రైతులు వినియోగదారుల కమిషన్‌కి వెళ్తారు. ఏయే కాయితాల మీద మనల్ని నిలదీస్తారో, ఎక్కడెక్కడ దొరికిపోతామో ఒక్కొక్కటీ వివరంగా రాశాను.

మర్నాడు యజమాని పిలిచాడు. నోటంతా చదివాడు. పక్కన గీతలు కూడా గీసుకున్నాడు.

"చానా బాగా రాశావమ్మా. ఎక్కడ దొరుకుతామో చెప్పావు గదా, ఆ దార్లన్నీ మూసెయ్యి."

"లాటు ఆపటం ఒక్కటే దారి సార్."

"సీజనుకి సరుకు లేకపోతే డీలర్లు పక్క కంపెనీకి పోతారు. అది ఆపే పని కాదు. నీ పని నువ్వు చూడు."

ఆ క్షణంలో లేచి వచ్చెయ్యాల్సింది. రాలేదు. బెదిరిపోయి కాదు. నేను రాసింది ఒక మనిషి గీతలు గీసుకుంటూ చదవటం అదే మొదటిసారి. ఆ పొంగులోనే వారంపాటు పనిచేశాను. వాతావరణాన్ని, భూమిని, సాగు పద్ధతుల్ని బట్టి ఫలితం మారుతుందని ప్యాకెట్ వెనక సన్న అక్షరాల్లో వేయించాను. ఎన్నో రోజున ఏ మందు కొట్టాలో చెప్పే కరపత్రం తయారుచేశాను. ఏ రైతూ పొల్లుపోకుండా పాటించలేడని నాకు తెలుసు. అది అందినట్టు బిల్లు మీద సంతకం తీసుకోమని డీలర్లకు చెప్పాను.

కాయ పట్టే రోజుల్లో ఈపూరు వైపు నుంచి ఒక కౌలురైతు, ఆయన భార్య ఆఫీసుకొచ్చారు. ఆయన గోనెసంచిలోంచి మూడు మొక్కలు తీసి నా బల్ల మీద పెట్టాడు. ఒకదానికి పొడుగు కాయలు, ఇంకోదానికి గుండ్రటి పొట్టి కాయలు. మూడోది నడుమెత్తు పెరిగింది, ఆకు తప్ప ఏమీ లేదు.

"ఒకే ప్యాకెట్టు తల్లీ. ఏంది ఇది? చేనంతా ఇట్టానే ఉంది."

మొక్కల వేళ్లకి మట్టి ఇంకా తడిగా ఉంది. నేను కాయితం తీసుకున్నాను.

"బాబాయ్, విత్తనం ఏమన్నా మిగిల్చి పెట్టావా?"

"ఎందుకు మిగులుస్తాం తల్లీ? గింజ పారెయ్యకుండా నారు పోశాం."

"కరపత్రంలో ఉన్న మందులన్నీ కొట్టావా?"

"రెండోసారి వానలు పట్టుకున్నయ్యి. కొట్టలా."

రెండూ రాసుకున్నాను. విత్తనం లేకపోతే పరీక్షకి పంపటానికి వాళ్ల దగ్గర ఏమీ లేనట్టే. మందు తప్పిందని ఆయన నోటితోనే చెప్పాడు. మంచినీళ్లిచ్చి పంపాను. మెట్లు దిగుతూ ఆయన భార్యతో అంటున్నాడు: "మంచి అమ్మే. అన్నీ అడిగి రాసుకుంది."

తర్వాత కొద్దిరోజులకే పరీక్ష రిపోర్టు వచ్చింది. మేనేజరు అనుమానమే నిజం. యజమాని దాన్ని సొరుగులో పెట్టుకుని, "నీ నోటు కూడా ఫైల్లోంచి తీసెయ్" అన్నాడు. తీసేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని తీయించలేదు.

ఆ దంపతులూ, మరికొందరు రైతులూ కమిషన్‌లో కేసు వేశారు. పొలం చూసిన వ్యవసాయాధికారుల నివేదికలో మొక్కలు కలగాపులగంగా ఉన్నాయనుంది గానీ, విత్తనం వల్లేనని లేదు. మా తరఫు వకీలు నేను రాసిచ్చిందే వరసగా చదివాడు. విత్తనం నమూనా లేదు, రెండో మందు కొట్టలేదు, కరపత్రం అందినట్టు సంతకం ఉంది. కేసు కొట్టేశారు. వెనక బెంచీలో కూర్చున్న ఆ రైతుకి ఏం జరిగిందో వెంటనే అర్థం కాలేదు. పక్కనున్నవాళ్లు చెప్పాక లేచి, భుజాన తువ్వాలు సర్దుకుని వెళ్లిపోయాడు. తిడతాడేమోనని చూశాను. తిట్టినా బాగుండేది.

యజమాని నా గదిలోకి వచ్చి నిలబడే చెప్పాడు: "నువ్వు ముందే పసిగట్టబట్టి బయటపడ్డామమ్మా."

రాజీనామా రెండుసార్లు టైపు చేశాను. రెండుసార్లూ చెరిపేశాను. తిరిగి కోర్టుకెళ్లి ఎవరి పక్షాన నిలబడను, ఏ మొహంతో?

ఆ దంపతులు కౌలు వదిలేసి, పత్తి తీతకి తెలంగాణ పోయారని ఆ ఊరి డీలరు చెప్పాడు. తిరిగొచ్చారో లేదో కనుక్కోలేదు. ప్రతి వేసవీ విత్తనాలు బయటికి పోయే ముందు యజమాని నన్ను పిలిచి, ఎక్కడెక్కడ దొరుకుతామో చెప్పమంటాడు. చెబుతూనే ఉన్నాను.