మెడ మీద మురికి

మా ఇంట్లో ఏ జబ్బుకైనా పేరు ఒకటే, వేడి. కళ్లు మండినా వేడే, కడుపు నొచ్చినా వేడే. పదో తరగతిలో నా చెంపల మీద మొటిమలు లేచినప్పుడు అమ్మ నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "వేడి సేసిండాది పాపా" అని తేల్చేసింది. ఆ రోజు నుంచి నాకు మామిడిపండు బంద్. బంగారుపాళ్యంలో మాకు తోట ఉంది. నాయన బెంగళూరా మామిడికాయలు ట్రాక్టరుకెత్తి గుజ్జు ఫ్యాక్టరీకి తోలుతుంటే నేను వాసన పీలుస్తూ నిలబడేదాన్ని. పక్క తోటవాళ్లు ముక్క ఇచ్చినా అమ్మ లాక్కునేది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అనే సామెత మా ఇంట్లోనే పుట్టిందనుకునేదాన్ని.

మామిడికి బదులు నన్నారి. నన్నారి వేళ్లు కాచి చక్కెర పాకంలో కలిపి చేసే షర్బత్ అది. ఒళ్లు చల్లబడుతుందని పొద్దున ఒక గ్లాసు, బడి నుంచి రాగానే ఇంకొకటి. డిగ్రీకి నేను తిరుపతి హాస్టల్లో చేరాక కూడా బస్సులో వచ్చే తెలిసినవాళ్ల చేత సీసాలు పంపేది. మొటిమలు తగ్గలేదు సరికదా, దవడల కిందికి దిగి గడ్డలు కట్టాయి. గడ్డం మీద వెంట్రుకలు మొలిచాయి. నెలసరి ఒకసారి వస్తే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు.

వాటన్నిటికంటే నన్ను ఏడిపించింది నా మెడ. వెనకవైపు నల్లగా, దళసరిగా, ముట్టుకుంటే గరుకుగా ఉండేది. అమ్మ దాన్ని మురికి అనుకుంది. సెలవులకు ఇంటికెళ్తే చాలు, పీట మీద కూర్చోబెట్టి, శనగపిండి పెరుగులో కలిపి పట్టించి కొబ్బరిపీచుతో తోమేది. "ఆడపిల్లవి, మెడ రుద్దుకునేదానికి కూడా ఒళ్లు వంగదా?" అనేది. మండి నేను అరిస్తే ఇంకాస్త గట్టిగా రుద్దేది. నాకు ఆమె మీద పీకల దాకా కోపం. "వయసు మొటిమలు లే, పెండ్లయితే పోతాయి" అని మా మేనత్త అంటే పుండు మీద కారం చల్లినట్టుండేది.

చివరికి తిరుపతిలోనే ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి నేనే వెళ్లాను. ఆమె ముఖం కంటే ముందు నా మెడ చూసింది. రక్తపరీక్షలు చేయించి, అవి వచ్చాక నింపాదిగా చెప్పింది. "ఇది మురికి కాదమ్మా, ఎంత తోమినా పోదు. నీ ఒంట్లో ఇన్సులిన్ ఊరుతుంది గానీ ఒళ్లు దాని మాట వినడం లేదు. అందుకే ఇంకా ఎక్కువ ఊరుతుంది, మెడ నల్లబడింది దానివల్లే. అది ఎక్కువైతే మగ హార్మోన్లు పెరుగుతాయి, చర్మంలో జిడ్డు పెరుగుతుంది. అందరి మొటిమలకూ ఇదే కారణం కాదు. నీకు మాత్రం ఇదే. ఇప్పుడే జాగ్రత్త పడకపోతే రేపు షుగర్ రావచ్చు." రోజూ ఏం తాగుతావని అడిగింది. నన్నారి అన్నాను. ముందు అది మానెయ్యమంది.

బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేశాను. "సల్లన అని నువ్వు పోసిందంతా సక్కెరే మా. నాకు షుగర్ వచ్చేట్టుండాది" అని కేకలేశాను. అమ్మ మెల్లగా, "నీ మొగం బాగయితే అలిపిరి మెట్లకు పసుపు కుంకుమ పెడ్తానని మొక్కుకోనుండా. ముందే తీరుస్తాలే" అంది.

ఆ వారమే అమ్మ తిరుపతికి వచ్చింది. ఒక్కో మెట్టుకూ వంగి పసుపు రాస్తోంది, బొట్టు పెడుతోంది. కుంకుమ పొట్లం పట్టుకుని నేను వెనకే ఎక్కుతున్నాను. ఉక్కపోతకు జుట్టంతా పైకి ముడేసుకుంది. ఆమె వంగినప్పుడు మెడ కనిపించింది. నల్లగా, దళసరిగా, అచ్చం నా మెడే.

"ఇదేంది మా?" అన్నాను.

"గొలుసు రాపిడికి నల్లబడిండాదిలే. పెండ్లయినప్పటి నుంచీ ఉండాది." ఆయాసపడుతూ మెట్టు మీద కూర్చుంది. "గొంతు ఎండిపోతాండాది పాపా. ఈ మధ్య ఎన్ని నీళ్లు తాగినా ఇంతే. వేడి సేసిండాదేమో. ఆ అంగట్లో నన్నారి ఉంటే సూడు."

పక్కన కూర్చుని ఆమె మెడ మీద చెయ్యి వేశాను. గరుకుగా తగిలింది. ఆ మెడను ఇన్నేళ్లలో ఒక్కరు కూడా చూడలేదు, నాతో సహా. అమ్మ మళ్లీ లేచి పై మెట్టుకు పసుపు రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"దిగుదాం పా మా. ముందు నీకు రక్తం పరీచ్చ సేయించాల."

"మరి మొక్కు? నీ మొగం?"

"నా మొగం ఎట్లన్నా పోనీ మా. నువ్వు దిగు."