దర్జీ కూతురి చెవి

ఆ సంగీత కాలేజీలో దర్జీ కూతురిని అందరూ పాముచెవుల పిల్ల అంటారు. ఎవరి గొంతు కాస్త శ్రుతి తప్పినా ఆమె కనుబొమ్మ లేస్తుంది. పాట నేర్పే కాలేజీ ఇంటిపక్కనే ఉన్నా, పాఠం చెప్పడం కూడా నేర్పుతారని రైల్లో ఒకటిన్నర రోజు దూరమున్న దీన్నే ఏరికోరి ఎంచుకుంది. పంతం పట్టి వచ్చింది కనక, బెంగగా ఉందని చెప్పుకోవడానికి మొహం చెల్లదు. భోజనాల గదిలో గోడవైపు తిరిగి తింటుంది. ఎడమచేతి వేళ్ళు మాత్రం బల్లమీద తాళం వేస్తూనే ఉంటాయి. ఆదివారం సాయంత్రాలు హాస్టలు మెట్లమీద కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తుంది. తండ్రి ఫోను కుట్టుమిషను మీద పెట్టుకుని, బట్టలు కుడుతూ, తనకొచ్చిన ఒకే ఒక్క పాటను కూనిరాగం తీస్తాడు. మాటలు తక్కువ, పాటే ఎక్కువ.

ఓ ఆదివారం ఆమె నోరు జారింది.

“నాన్నా, అక్కడ స్వరం దిగిపోతోంది. కొంచెం పైకెత్తు.”

“అలాగా తల్లీ? నాకేం తెలుసు,” అని నవ్వేశాడు.

ఆ తర్వాత మూడు వారాలు మిషను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. నాలుగో ఆదివారం ఆమే ఆ పాట ఎత్తుకుంది. ఆయన దించే చోటే తనూ దించబోయింది. శ్రుతికి అలవాటుపడ్డ గొంతు పైకే పోయింది. రెండోసారికి ఎలాగో దిగింది. అవతల మిషను ఆగింది. ఆమె ఆపిన చోట ఆయన అందుకుని చివరిదాకా పాడాడు.

“ఆఁ, ఇప్పుడు కుదిరింది తల్లీ! అంత దూరం వెళ్ళినందుకు బాగానే నేర్పుతున్నారు.”