నాంచారయ్య చేసిన నాలుగు గొట్టాలు

మా బావ నాంచారయ్యకు సముద్రం పడదు. నిజాంపట్నంలో తాతముత్తాతల నుంచి వల మీద బతికే ఇంట్లో పుట్టి, పడవ రేవు దాటకముందే కక్కేవాడు. ఎంత పరువు తక్కువో మీరే చెప్పండి! వాళ్ళ నాన్న తిట్టి, కొట్టి, చివరికి విసిగిపోయి, అప్పుడప్పుడే వస్తున్న డీజిలు పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పడేశాడు. అక్కడ గ్యాసు వెల్డింగు నేర్చుకుని, మా అక్క రత్తాలును చేసుకున్నాక రేపల్లె వచ్చి బస్టాండు వెనకాల సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు.

చేతి పని గురించి నేను వంక పెట్టను. నోటి గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఒకసారి ఒక లారీ డ్రైవరు పొగలు కక్కుతున్న ఇంజను మీద చెంబుడు చన్నీళ్ళు గుమ్మరిస్తే, మా బావ అందరి ముందూ వాడి చెంప పగలగొట్టాడు. "పోత ఇనుమురా అది! వేడి మీద చన్నీళ్ళు పోస్తే పగిలి చస్తుంది. బుద్ధుందా నీకు?" అని అరిచాడు. నేనూ లారీ డ్రైవర్నే. ఆ రోజు నుంచి ఆ షెడ్డు ముందు బండి ఆపితే రేడియేటరు మూత ముట్టుకోవాలన్నా భయపడేవాణ్ణి.

ఇన్నేళ్ళూ ఆయన చేసిందంతా అతుకు పనే. కారిపోయే పడవ టాంకులు, విరిగిన సైలెన్సర్లు, చిల్లుపడ్డ బిందెలు, రైసుమిల్లు తొట్లు. అతుకు మాత్రం ఊడిందన్న మాట లేదు. కానీ ఆయనకు అదే దిగులు. "ఒరేయ్ సింగయ్యా, ఇదిగో ఇది నాంచారయ్య చేసింది అని చూపించడానికి ఒక్క వస్తువు లేదురా. అన్నీ ఎవడో చేసినవే. నేను చిల్లులు పూడ్చానంతే" అనేవాడు. నాకు చిరాకేసేది. చిల్లులు పూడ్చినందుకే కదా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది!

ఆ దిగులున్న మనిషి దగ్గరికి తెనాలి నుంచి బర్నబాస్ వచ్చాడు. తెనాలిలో ఒక బస్సుల కంపెనీలో మెకానిక్కు. లూథరన్ చర్చి వాళ్ళబ్బాయి, ఆదివారం తెల్ల చొక్కా, మిగతా రోజులన్నీ గ్రీజు. యాక్సిడెంటులో నుజ్జయిన హెరాల్డు కారు ఒకటి సంపాదించి, పై డొక్కంతా పీకేసి, ఇంటి వెనక పాకలో పందెం కారు తయారుచేస్తున్నాడు. మద్రాసు దగ్గర షోలవరంలో ఏటా కార్ల పందేలు జరుగుతాయి, అందులో తోలాలని పిచ్చి. ఇంజను బాగానే వచ్చింది కానీ, కంపెనీ వాడిచ్చిన పొగగొట్టంతో దానికి ఊపిరాడటం లేదన్నాడు.

"నాలుగు సిలిండర్లకీ నాలుగు వేరే గొట్టాలు కావాలి బాబాయ్. నాలుగూ ఒకే పొడవుండాలి. వంకర్లు తిరుగుతూ వచ్చి చివర ఒకే నోట్లో కలవాలి. తెనాలిలో అడిగితే నవ్వి పొమ్మన్నారు" అన్నాడు.

"అతకడం కాదా?" అని అడిగాడు మా బావ.

"కాదు బాబాయ్. మొదట్నుంచీ చెయ్యాలి. చేస్తే కారు పక్కన నీ పేరు రాయిస్తా. ఒట్టు."

ఇక చూడండి ఆయన వాలకం! అన్నం దగ్గర కూచుని తాడు ముక్కల్ని వంకర్లు తిప్పుకునేవాడు. నాలుగూ ఒకే పొడవంటే మాటలా? ఇంజను వెనక మూల నుంచి వచ్చే గొట్టానికి దారి దగ్గర, ముందు మూల నుంచి వచ్చేదానికి దూరం. దగ్గరదాన్ని చుట్టు తిప్పి రప్పించాలి. ఇంజను తెనాలిలో, షెడ్డు రేపల్లెలో. వల తాడు ఇంజనుకు పట్టించి కొలతలకు ముడులు వేసుకుని, ఆ తాడు జేబులో పెట్టుకుని రైల్లో వచ్చేవాడు. రైల్లో పక్కవాళ్ళు ఏంటండీ అది అని అడిగితే "కారు పేగులు" అనేవాడు.

గొట్టాలు పాత రైసుమిల్లు బాయిలరులోంచి దొరికాయి. అతుకు లేని మంచి ఉక్కు. ఉత్త గొట్టాన్ని కాల్చి వంచితే మడతపడి నొక్కుకుపోతుంది. లోపల ఇసుక గట్టిగా కూరి, రెండు వైపులా బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచాలి. ఇసుకలో తడి ఉంటే ఆవిరి పుట్టి బిరడా తుపాకీ గుండులా పోతుంది. అందుకని పెనుమూడి నుంచి ఏటి ఇసుక తెప్పించి మా అక్క చేత వేయించాడు. మరమరాలు వేయించే మంగలంలో ఇసుక! వీధిలో రంగమ్మ తొంగిచూసి "ఏంటి రత్తాలూ, ఇవాళ ఇసుక వేపుడా? ఉప్పు సరిపోయిందా?" అంది. మా అక్కకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఏవయ్యా, నీ కారు పుణ్యమా అని మంగలం మాడిపోయింది" అని సణిగింది.

"మద్రాసు వెళ్ళొచ్చాక కొత్తది కొంటాలే. నువ్వూ వస్తున్నావుగా పందేనికి!" అన్నాడు. మా అక్క ముఖం చూడాలప్పుడు. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకునేసింది.

మొదటి గొట్టాలు తాటిమొద్దుకు ఆనించి వంచితే నొక్కులు పడ్డాయి. పారేశాడు. మళ్ళీ వంచితే పొడవు తేడా వచ్చింది. అదీ పారేశాడు. వచ్చిన అతుకు పనులన్నీ తిప్పి పంపుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంత అవసరమా బావా?" అన్నాను. వినిపించుకుంటేగా!

చివరికి కుదిరాయి. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, అంత అందమైన ఇనుప వస్తువు నేనెక్కడా చూడలేదు. నాలుగు గొట్టాలు ఒకదాని కింద ఒకటి ఒదిగి, చివరికి వచ్చి ఒక్కటిగా కలిసేవి. కలిసిన చోట వెల్డింగు వేలితో తడిమినా తెలిసేది కాదు. మా బావ దాన్ని బెంచీ మీద పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. "నేనే చేశా. మొత్తం నేనే" అని చిన్నపిల్లాడిలా చెప్పుకున్నాడు.

డెబ్బైమూడు మొదట్లో, మద్రాసు వెళ్ళే ముందు బాపట్లలో ఒకసారి తోలి చూద్దామనుకున్నారు. యుద్ధం నాటి పాత విమానాల మైదానం ఉంది, పొడుగాటి రోడ్డు. కారును నా లారీలో ఎక్కించి బర్నబాస్‌తో తెనాలి నుంచి తీసుకెళ్ళాను. మా బావా అక్కా ముందే రైల్లో వచ్చి సూర్యలంక వెళ్ళారు. ఎందుకంటే మా ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పడవకు ఇంజను బిగిస్తే, మొదటిసారి తిప్పకముందు, బిగించినవాడే పసుపు కలిపిన సముద్రపు నీళ్ళు దాని మీద పోయాలి. గంగమ్మ తల్లికి చూపించడమంటారు. అది చెయ్యకుండా ఏ పడవా కదలదు. పడవల మీద పొగగొట్టానికి తడి గోనెలు చుట్టి ఎలాగూ నీళ్ళు పోస్తూనే ఉంటారు, దానికేమీ కాదు.

నీళ్ళు తెచ్చేదాకా ఆగమని బర్నబాస్‌కు చెప్పే ఉంచాడు. కానీ జట్కా ఇసుకలో దిగబడి ఎంతకూ రాలేదు. ఎండెక్కుతోంది. బర్నబాస్ కుర్రతనం, ఆగలేకపోయాడు. "ఒక్కసారి తిప్పుతా సింగయ్య మావా, బాబాయ్ వచ్చేలోగా ఆపేస్తా" అని స్టార్టు చేశాడు.

అబ్బ, ఆ మోత! గొంతెత్తి పాడినట్టు, ఎక్కడా తడబాటు లేకుండా సాగిపోయింది. కారు మైదానం ఆ చివరికి పోయి తిరిగొచ్చింది, మళ్ళీ పోయింది. దారిలో ఉన్న జట్కాలోకి ఆ మోత వినపడిందట. మా బావ అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని "అది నాదే రత్తాలూ! నాదే!" అని బిందెతో సహా కిందికి దూకి పరిగెత్తాడని తర్వాత అక్క చెప్పింది.

ఆయన వచ్చేసరికి కారు అప్పుడే ఆగింది. పై మూత లేదు, ఇంజను మొత్తం బయటికే కనిపిస్తోంది. గొట్టాలు ఇంజనును కలిసే చోట ఎర్రగా వెలుగుతున్నాయి. బర్నబాస్ దిగొచ్చి ఆయన్ను వాటేసుకున్నాడు. "మద్రాసోళ్ళ నోళ్ళు మూతపడతాయి బాబాయ్!" అని గంతులేశాడు. మా బావ కళ్ళ వెంట ధారగా నీళ్ళు. వెనకే వచ్చిన అక్క "ఏవయ్యా, గంగమ్మకు చూపించకుండానే తిప్పేశారే" అంది దిగులుగా.

"ఇప్పుడు చూపిద్దాం" అన్నాడు.

పసుపు నీళ్ళ బిందె రెండు చేతులా ఎత్తి, దణ్ణం పెట్టుకుని, మొత్తం గుమ్మరించాడు.

బుస్సుమని ఆవిరి లేచింది. నేను చప్పట్లు కొట్టాను, బర్నబాస్ ఈల వేశాడు. ఆ గోలలోనే టంగుమని చిన్న చప్పుడైంది. మాకు అదేంటో తెలియలేదు. ఆయనకు తెలిసింది. ఆవిరి తొలిగేసరికి ఖాళీ బిందె పట్టుకుని, నోరు తెరుచుకుని అలాగే నిలబడి ఉన్నాడు. గొట్టాలకు గీత కూడా పడలేదు. వాటి వెనక, ఇంజను మీదుండే హెడ్డు అనే పోత ఇనుప దిమ్మ, పైనుంచి కిందిదాకా చీలిపోయింది.

ఆ లారీ డ్రైవరు చెంప నాకు గుర్తొచ్చింది. ఆయనకూ గుర్తొచ్చే ఉంటుంది.

బర్నబాస్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోన్లే బాబాయ్" అన్నాడు, అంతే. గుంటూరు, బెజవాడ తిరిగాడు, ఆ హెడ్డు ఎక్కడా దొరకలేదు. మద్రాసు నుంచి తెప్పించేలోగా పందేలు అయిపోతాయి.

"నేను అతుకుతా" అన్నాడు మా బావ. ఆ మాటతో నాకు కూడా ఆశ పుట్టింది. ఆయన అతుకు ఊడిందన్నది లేదు కదా! బొగ్గుల్లో నిదానంగా కాల్చి, వెల్డింగు చేసి, చల్లగాలి తగలకుండా ఊకబూడిదలో పాతిపెట్టాడు. తీసి కిరసనాయిలు రాసి తుడిచి, సుద్దపొడి చల్లాడు. చీలిక ఉంటే అందులోని కిరసనాయిలు పైకి ఊరి, తెల్లటి పొడి మీద గీత తేలుతుంది. తేలింది. అతుకు పక్కనుంచి కొత్త గీత. మళ్ళీ అతికాడు. ఈసారి గీత ఇంకా పొడుగు. అక్క వచ్చి చేతిలో వెల్డింగు గొట్టం లాగేసుకునేదాకా అతుకుతూనే ఉన్నాడు.

పందేలు అయిపోయాయి. ఆ ఏడాది చివర పెట్రోలు ధర చుక్కలనంటింది. బర్నబాస్‌కు మళ్ళీ ఓపిక రాలేదు. కారును ముక్కలుగా అమ్మేసి, ఆ నాలుగు గొట్టాలు మాత్రం తెచ్చి బెంచీ మీద పెట్టి వెళ్ళాడు. పక్కన రాయిస్తానన్న పేరు రాయించనే లేదు, రాయించడానికి కారు ఏదీ? వచ్చినవాళ్ళు అదేంటని అడిగితే మా బావ చెప్పడం మానేశాడు.

తర్వాత ఒక వానాకాలంలో, నిజాంపట్నం నుంచి బ్రహ్మానందం అనే పడవ యజమాని పొగగొట్టం పగిలిందని పరిగెత్తుకొచ్చాడు. తెల్లారితే వేటకు పోవాలి, షెడ్డులో సరైన గొట్టం లేదు. మా బావ కాసేపు బెంచీ వైపు చూసి, రంపం తీశాడు.

"బావా, వద్దు! గొట్టం నేనెక్కడన్నా తెస్తా, నీకు దణ్ణం పెడతా" అన్నాను.

"ఇది ఎవరికి చూపిస్తానురా?" అన్నాడు. కోసేశాడు.

ఆ ముక్కల్ని నిజాంపట్నం తీసుకెళ్ళి రేవులోనే పడవకు బిగించి అతికాడు. పని అయ్యాక బ్రహ్మానందం పసుపు నీళ్ళ చెంబు తెచ్చి చేతికివ్వబోతే, మా బావ రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"ఇంకెవరి చేతన్నా పోయించండి" అన్నాడు.

నేనే పోశాను. ఇంజను తిప్పారు, పొగ ఎక్కడా కారలేదు. "అతుకంటే నాంచారయ్యదేనండి!" అని బ్రహ్మానందం రేవంతా వినపడేలా మెచ్చుకున్నాడు.